వేడి ఎలా ఉంది

వాసన వచ్చిందట ముందు.
రొట్టె మాడుతోందనుకున్నాడు ఎల్గుజా.
మాడింది తన వేలు.

చేతులు కాలాక ఆకులు పట్టుకున్నారని
ఎవరినైనా ఎగతాళి చేయొచ్చు.
కాలిన సంగతి చేతికే తెలియకపోతే
ఏ ఆకు, ఎప్పుడు?

కుతైసీలో, రియోనీ వంతెన దిగగానే
నేలలోకి బావిలా దిగిన మట్టి పొయ్యి అతనిది.
ముప్పై ఒక్క ఏళ్లుగా అందులోకి నడుము దాకా వంగి
పడవలా సాగదీసిన పిండిని గోడకు చరిచి
రెప్పపాటులో పైకి లేస్తాడు,
మెడ మీద తడిగుడ్డతో, నోట్లో తిట్టుతో.

ఇప్పుడు నా గదిలో, కాగితం పరిచిన మంచం మీద
మేజోళ్లు విప్పమంటే సిగ్గుపడుతున్నాడు.
ఎడమ బూటు దులిపాను.
నాలుగు రోజులుగా ఇల్లంతా వెతికిన
గల్లాపెట్టె తాళంచెవి రాలిపడింది.
అరికాల్లో దాని పళ్ల అచ్చు, ఎర్రగా.

కళ్లు మూసుకోమన్నాను.
గాలపు దారమంత నైలాన్ పోగు
వంగేదాకా బొటనవేలికి ఆనించాను.
"ఉందా?"
"ఏది?"
మడమ. లేదు. పాదం వంపు. లేదు.
చీలమండ దాటి, పిక్క మొదట్లో ఎక్కడో
"ఆ!" అన్నాడు,
పొలిమేరలో కుక్క మొరిగినట్టు.
పెన్నుతో అక్కడ గీత గీశాను.
చేతులకీ అలాగే, మణికట్టు దగ్గర.
మేజోళ్లంత మేరా, చేతొడుగులంత మేరా
ఖాళీ చేసి వెళ్లిపోయింది ఏదో,
ఇంటివాడికి చెప్పకుండా.

శ్రుతిదండం మోగించి ఎముక మీద పెడితే
"ఉంది, ఉంది" అన్నాడు.
అబద్ధం. చెవితో విన్నాడు.
అతని భార్య నాతెలా లేచి వచ్చి
రెండు అరచేతులతో అతని చెవులు మూసింది.
మళ్లీ పెట్టాను.
ఈసారి ఏమీ అనలేదు.
ఆమె చేతుల మధ్య తల మాత్రం కిందికి వాలింది.

చీలమండ దగ్గర చిన్న కరెంటు దెబ్బ కొట్టి
తెర మీద అల లేస్తుందేమోనని చూశాను.
కొండల దేశంలో పుట్టి
ఇంత చదునైన గీత ఎప్పుడూ చూడలేదు.
మిగతాది నెత్తురు చెప్పింది:
ఏళ్ల తరబడి ఎవరూ అడగని చక్కెర.

"మందు ఉందా?" అంది నాతెలా.
ఉంది అనేశాను, తొందరపడి.
తర్వాత దిద్దుకున్నాను.
పగలు నిప్పు తెలియని కాళ్లకి
రాత్రిళ్లు నిప్పులు పోసినట్టుండే మంటకి మాత్ర ఉంది.
చక్కెరకి సూది ఉంది.
పోయినదానికి లేదు.

నేల మీద అద్దం పెట్టి రోజూ అరికాలి ముఖం చూసుకో.
నీళ్లలో ముందు నాతెలా మోచెయ్యి, తర్వాతే నీ కాలు.
బూటు తిరగేసి దులపకుండా తొడగొద్దు.
"చంటిపిల్లాణ్ణి చేశావు నన్ను" అన్నాడు.
కాదని అనలేకపోయాను.

ఆరు నెలలకి మళ్లీ పోగు పట్టాను.
గీత కిందికి దిగలేదు. పైకీ పాకలేదు.
మా వృత్తిలో దీన్ని మంచి వార్త అంటాం.
పొయ్యిలోకి ఇప్పుడు మేనల్లుడు వంగుతున్నాడు.
పిండి పదును ఎల్గుజా కంటితో చూసి,
బల్ల మీద చరిచిన చప్పుడు విని చెప్తాడట.
నాలుగింట ఒకసారి తప్పుతాడట.

గుడ్డలో చుట్టి నాకో రొట్టె తెచ్చాడు.
విప్పి అందుకోబోయి, చురుక్కుమని వదిలేశాను.
అతను నవ్వలేదు.
"ఎలా ఉంది?"
"వేడిగా."
"అది తెలుసు. ఎలా?"

పదిహేడేళ్లుగా ఇతరుల స్పర్శ కొలిచేదాన్ని,
మాట కోసం తడుముకున్నాను.
ముందు ఒక పోటు, అన్నాను.
కాదు, పోటుకన్నా ముందే
చెయ్యి తనంతట తాను వెనక్కి వచ్చేస్తుంది.
ఎందుకొచ్చిందో మనకి తర్వాత తెలుస్తుంది.
ఆపైన వేలి కొసలో కాసేపు
గుండె కొట్టుకుంటుంది.

"ఇంకా?" అన్నాడు,
నేను మూసుకోమనకుండానే
కళ్లు మూసుకుని.