ఇటుక రంగు

రేణిగుంట రోడ్డు షోరూములో ఏసీ కింద కూర్చోబెట్టి
చల్లటి నీళ్లిచ్చి, చేతిలో ఒక కాయితం పెట్టినారు.
మూడువేల ఎనిమిదినూర్ల నలభై.
అందులో వాటర్ వాషు నూటయాభై.
నా స్కూటీని నేను బోరింగుకాడ
బియ్యం కడిగినంత పదిలంగా కడుక్కుంటానే, దానికీనా?
కింద 'ఇతర సామగ్రి' అని ఒక లైను.
ఏంది సామీ అవి అంటే
గుడ్డముక్క, గ్రీజు అన్నాడు టై కట్టిన పిల్లోడు.
గుడ్డముక్క నేనిస్తాలేబ్బా అన్నా.
వాడు నవ్వలా.

బయటికొచ్చి కొడితే
పదమూడో కిక్కుకి దగ్గింది నా బండి.
పొద్దున్నే కొర్లగుంటలో బయల్దేరి
ఇరవైరెండు క్యారేజీలు మోసే బండి,
రుయా ఆస్పత్రి దాకా
పప్పు తొణక్కుండా ఏ గుంత ఎక్కడుందో ఎరిగిన బండి.

లీలామహల్ అవతల టైర్ల కొట్టు సందులో
మౌలాలి అన్న కుర్చీలో కూర్చోనుండాడు.
కళ్లకి పొర. చేతులకి వణుకు.
ఆయన పానా పట్టి రెండేళ్లాయె.
పానాలు మాత్రం గోడకి వరసగా
పది, పన్నెండు, పద్నాలుగు,
ఎవరి మేకుకి వాళ్లు వేలాడతా ఉండాయి.

"కొట్టు" అన్నాడు. కొట్టినా.
"మళ్లా."
తల ఒకపక్కకి వాల్చి విన్నాడు,
పక్కింటి పోపు చప్పుడు విని
ఏం కూరో చెప్పే మనిషి మాదిరి.
"ఆకలి కాదు ధనకోటీ, దీనికి ఊపిరాడలా.
నాకు చేతుల్లేవు, నీకు చెవుల్లేవు.
యాభై ఇయ్యి. నేను చెప్తా, నువ్వు చెయ్యి."

గొట్టంపానా తిప్పితే ప్లగ్గు ఊడొచ్చింది.
"ఏం రంగు?"
నలుపు.
"ఏం నలుపు? కాటుకనా, మాడిన నూనెనా?"
వేలితో రాసి చూసినా. పొడిమసి. కాటుకే.
"బతికినావు. నూనె నలుపయ్యుంటే ఖర్చుండేది.
మంచి బండి ప్లగ్గు ఇటుక రంగులో ఉంటాది మే,
బాగా కాలిన ఇటుక."

ఉప్పుకాయితంతో రుద్దినా.
సందు ఎంతుండాలో చూసేదానికి
అల్మరాలోంచి పెండ్లికార్డు తీసి రెండుగా మడిచిచ్చినాడు.
ఆ పెండ్లి అయ్యి పన్నెండేండ్లు.

ఫిల్టరు విప్పితే
కరకంబాడి రోడ్డు దుమ్మంతా అందులోనే ఉండాది.
ఎండిపోయిన సాలీడు ఒకటి.
ఎవరి మొక్కుదో, పొడుగాటి వెంట్రుక ఒకటి.
"పసిబిడ్డకి తేన్పు రావాలని తడతామే, అట్ల తట్టు" అన్నాడు.

జెట్టు బెజ్జంలో చీపురుపుల్ల పెట్టబోతే
ఎట్ల తెలిసిందో, కుర్చీలోంచే కేకేసినాడు.
బ్రేకు వైరులోంచి ఒకే ఒక పోగు లాగి పెట్టమన్నాడు.
"బెజ్జం రవంత పెద్దదైతే
పెట్రోలు తాగి తాగి నీ కూరల యాపారం తాగేస్తాది."

ఇంతలో ఎవురో ఆయన మోటార్ సైకిలు తోసుకుంటా వచ్చి
మెకానిక్ లేడా అన్నాడు.
"ఉండాది. పని మీదుండాది" అన్నాడు మౌలాలి అన్న.
నేను తలెత్తలా. మెడ మాత్రం కొంచెం నిక్కింది.

అంతా బిగించి కొడితే
మూడో కిక్కుకి అందుకుంది.
ఆయన కళ్లు మూసుకోని వింటా ఉంటే
నేలమీద నాకు ఒక నట్టు కనపడింది.
చెప్పేదా వద్దా అని చెప్పేసినా.
"ఎంతుంది?"
చిటికెనవేలి గోరంత.
పగలబడి నవ్వినాడు. దగ్గొచ్చేదాకా నవ్వినాడు.
"పెట్టుకో. ఏదో ఒకనాడు బండి టకటకా అంటాది.
తన నట్టు ఎక్కడిదో అదే చెప్తాది. అప్పుడు రా."

వారమాయె.
నట్టు పోపులపెట్టెలో, ఆవాల గిన్నెలో ఉండాది.
వేలికి తగిలిన పూటల్లా
దారి పొడుగునా చెవి రిక్కించుకోని పోతా ఉంటా.
నిన్న రాత్రి క్యారేజీలన్నీ తోమినాక
వీధిలైటు కింద ప్లగ్గు విప్పి చూసినా.
ఇటుక ఇంకా కాలలా.
బెల్లం రంగు కొచ్చింది.