వంతెన కింద తెల్ల గీత

అక్టోబరు. హేగ్రసుండ్ వంతెన కింద,
ఇనుప నిచ్చెన చివర, స్తంభం నెత్తి మీద
మోకాళ్ళూని కూర్చుంది సున్నివ.
పైన చేపల లారీ వెళ్ళింది,
మెడ మీద ఇంత ఉప్పు రాలింది.

టార్చి వెలుగులో
ఉక్కుకీ ఉక్కుకీ నడుమ
చిటికెన వేలంత మందం కూడా లేని తెల్ల గీత.
"ఇదేనా?" అన్నాడు ఐలిఫ్, కొత్త కుర్రాడు.
ఇంత వంతెనా దీని మీదేనా అనబోయి
మర్యాదకి ఆగాడు.

టెఫ్లాన్.
వాళ్ళమ్మ పెనం మీద పెచ్చులూడిన నలుపు కాదు.
తాకితే మైనం. గిల్లితే గోరు దిగుతుంది.
యాసిడ్ పోసినా ఉలకదు పలకదు,
గోడలన్నీ పాకే బల్లికి
పొడిగా ఉంటే దీని మీద కాలు నిలవదు.

"మరి ఏ జిగురుతో అంటించారు?"
సున్నివ నవ్వింది, ఆవిరి ముందు, నవ్వు తర్వాత.
"ఏ జిగురుకీ లొంగదు, మా తమ్ముడి లాంటిది.
ఉక్కులో గుంట తొలిచి సగం లోతుకి కూర్చోబెట్టాం.
సగం లోపల, సగం బయట."

వేసవికి వంతెన ఒళ్ళు విరుచుకుంటుంది,
చలికి జానెడు ముడుచుకుంటుంది.
ఉక్కు ఉక్కుని పట్టుకుంటే
పగిలేది కింద ఉన్న స్తంభం.
అంటీముట్టనట్టు ఉంటాడని
మనిషిని తిట్టే మాట,
ఇక్కడ అదే ఉద్యోగం.
కదలబోయే ముందు కుదుపు లేదు,
ఆగేటప్పుడు మూలుగు లేదు.

కానీ మోసి మోసి ఇదీ పాకుతుంది.
ముప్ఫై ఒక్క ఏళ్ళ బరువుకి
అంచుల్లోంచి పెదవిలా బయటికొచ్చింది.
సున్నివ సన్నని రేకు దూర్చి కొలిచింది:
ఒకటిన్నర మిల్లీమీటర్లు.
పోయినేడు ఒకటీ ముప్పావు.

రాలిన తెల్లని పొట్టుని
వేలి కొసతో ఏరి
ఖాళీ పొగాకు డబ్బాలో వేసుకుంది.
"సముద్రంలోకి ఊదెయ్యొచ్చుగా?"
"కుళ్ళదు. చేప మింగితే
చేప పోతుంది, ఇది ఉంటుంది."
ఆ మాట దగ్గర మాత్రం నవ్వలేదు.

మబ్బు జరిగి
వంతెన వీపు మీద ఎండ పడింది.
ఐలిఫ్ టోపీ పక్కకి లాగి
ఉక్కుకి చెవి ఆనించాడు.
చాలాసేపు.

"ఏమీ వినపడట్లేదు."

పెన్నులో సిరా గడ్డకట్టింది,
పెన్సిల్ తడుపుకుని
సున్నివ అదే రాసుకుంది.