ఊపిరి వంతు

మా ఇంటికెక్కే మెట్లు ఇరవై తొమ్మిది.
పన్నెండో మెట్టు దగ్గర ఆగుతాను.
ఆగి, చెప్పులో రాయి పడినట్టు
వంగి దులుపుకుంటాను.

ముప్పై నాలుగేళ్లు పోర్టులో విన్చి తిప్పినవాణ్ణి.
బొగ్గు ఓడ దిగిన రాత్రి
మా ఆవిడ ఆరేసిన తెల్ల దుప్పటి మీద
వేలితో పేరు రాయొచ్చు.
ఆ రాత కాస్తా ఇప్పుడు నా రొమ్ములో ఉంది.
ఛాతీ ఆసుపత్రి డాక్టరమ్మ
ఎక్స్‌రేని కిటికీకెత్తి చదివింది.
మందులు రాసింది. బెలూన్లు ఊదమంది.
చీటీ వెనక్కి తిప్పి
"గురువారం, ఐదింటికి, మున్సిపల్ బడి, పాట"
అని కూడా రాసింది.

నాకు పాటేటమ్మా!
నేను పిలిస్తే రిక్షా కూడా ఆగదు.

ఒకటో తరగతి బెంచీలు. మోకాళ్లు గడ్డానికి తగుల్తాయి.
బోర్డు మీద సగం చెరిపిన పదమూడో ఎక్కం.
లూర్దమ్మ టీచరు చెప్పిన మొదటి పాఠంలో
సరిగమలు లేవు.
"అందరూ ఒక్కచోటే ఊపిరి తీయకండి.
పక్కవాళ్లు పాడుతుంటే దొంగతనంగా తీసుకోండి.
మళ్లీ మెల్లగా ఎక్కండి,
కదిలే బస్సు ఎక్కినట్టు."

నాకది వెంటనే తెలిసిపోయింది.
గ్యాంగులో ఒకడు బీడీకి పోతే
వాడి బస్తా మిగతావాళ్లం మోసేవాళ్లం,
వాడి తాతల్ని తిట్టుకుంటూ.
ఇక్కడ తిట్లు లేవు, అంతే.
నా గాలి అయిపోయినచోట
ఎడమపక్క దర్జీ హబీబ్ భాయ్ గొంతు
పాట అంచు పట్టుకుని నిలబడుతుంది.
నేను తిరిగొచ్చేసరికి
నా చోటు వెచ్చగానే ఉంటుంది.

గనగళ్ల నూకరత్నం గురించి చెప్పాలి.
హార్బరులో వంజరం పాటకి నిలబడితే
ఆవిడ నోటికి దళారులు దారిచ్చేవారట.
పక్షవాతం ఒక్క మాట మిగిల్చి తక్కినవి పట్టుకుపోయింది:
"అదే."
అన్నం అదే. కొడుకు అదే. సముద్రం అదే.
మాతో కలిసి పాడితే మాత్రం
చరణం చరణమంతా వస్తుంది,
ఒత్తులతో సహా, ఒక్క అక్షరం రాలకుండా.
పాట ఆగుతుంది.
ఆవిడ చెయ్యి గాల్లో దేనికోసమో వెతుకుతుంది.
"అదే... అదే..."
అందుకే మేం ఏ పాటనీ
బేగి ముగించం.
పల్లవికి మళ్లీ, మళ్లీ వెళ్తాం,
గేటు మూసేస్తానని వాచ్‌మన్ పైడయ్య
తాళాలు ఆడించేదాకా.

మొన్న వాయుగుండం.
పోర్టులో మూడో నంబరు ఎగరేశారు.
బడికి వచ్చింది మేమిద్దరమే, నేనూ హబీబ్ భాయ్.
టీచరు కూడా రాలేదు.
వచ్చాం కాబట్టి పాడాం.
రెండో చరణంలో
ఇద్దరికీ ఒకేసారి గాలి అయిపోయింది.

ఇంత ఖాళీ.
రేకుల మీద వాన.
నా రొమ్ములో పిల్లి, అతని రొమ్ములో పిల్లి.

అప్పుడు
ఔటర్ హార్బరు వైపు ఏదో ఓడ కూత వేసింది.
నిదానంగా, బొంగురుగా,
మా శ్రుతికి కాస్త కింద.
దాని కిందనించే ఇద్దరం గాలి పీల్చుకుని
దాని మీదికే ఎక్కేశాం.
ముప్పై నాలుగేళ్లు నా ఊపిరి తిన్న పోర్టు
ఒక్క శ్వాస తిరిగిచ్చింది. రశీదు అడగలేదు.
నవ్వొచ్చింది. నవ్వు దగ్గయింది.
అతను నా వీపు రాస్తూ తనూ దగ్గాడు.
గుమ్మంలో పైడయ్య, గోనె కప్పుకుని:
"ఏటి బాబూ, ఆపేసినారు?"

చీకట్లో మెట్లెక్కుతున్నాం, ఒక్క గొడుగు.
పన్నెండో మెట్టు రాకముందే
హబీబ్ భాయ్ ఆగిపోయాడు.
"చెప్పులో రాయి" అన్నాడు.
చెప్పులు తడుస్తాయని అతను
బడి దగ్గరే చంకలో పెట్టుకున్నాడు.
నేను గొడుగు అటు జరిపి
"తీసుకో భాయ్, నిదానంగా తీసుకో" అన్నాను.