పది మీటర్ల పాఠం

గల్ఫంటే మా ఆర్మూరు వైపు
వీసా, ఏజెంటు, తీరని బాకీ.
గల్ఫంటే నీళ్ళని
ఎవరూ చెప్పలేదు నాకు.

ఖసబ్ రేవులో పడవెక్కుతుంటే
మా వదిన విమలాదేవి అన్నది:
"నలభై తొమ్మిదేండ్లకు ఇప్పుడీ మునకలెందుకే,
ఏం కొంపలు మునిగినయని?"
ఆమె చేతికి నా చెప్పులూ గడియారమూ ఇచ్చాను.
గడ్డిపోచ లేని రాతికొండలు
పాదాలు నీళ్ళలో పెట్టుకుని కూర్చున్నాయి,
ఎవరితోనూ మాట్లాడనట్టు.

ఖల్ఫాన్ నాకన్నా ఇరవయ్యేళ్ళు చిన్న.
హిందీలో కొంత, చేతుల్తో కొంత చెప్పాడు:
"మొదటి నియమం. ఊపిరి బిగబట్టకు."
నాకు వచ్చిందే అదొక్కటి.
స్కానింగ్ గది బయట బెంచీ మీద
ఎంతసేపు బిగబట్టానో
ఇతనికి ఏ చేతి గుర్తుతో చెప్పను?

వీపున సిలిండర్ కట్టాడు.
గ్యాస్ బండ మోసుకొచ్చే పిల్లాడు గుర్తొచ్చాడు,
మూడో అంతస్తుకి నలభై రూపాయలడిగితే
బేరమాడాను.
వెనక్కి పడమన్నాడు ఖల్ఫాన్. పడ్డాను.

మొదటిసారి రెండు నిమిషాలే.
నోట్లో రబ్బరు, చెవుల్లో నా శ్వాస,
ఎదురుగా పసుపు చారల చేపలు
ప్రార్థనకి నిలబడ్డ ఏడో తరగతిలా
వరస తప్పుతూ, మళ్ళీ కలుస్తూ.
ఎలా ఉందని కళ్ళతో అడిగాడు.
భేష్ అని బొటనవేలెత్తాను.
పట్టీ పట్టుకుని పైకి తెచ్చేశాడు!
నీళ్ళకింద బొటనవేలంటే "పైకి పోదాం".
బాగుందంటే, వేలూ వేలూ కలిపి సున్నా.
ఇన్నేళ్ళలో ఎంతమందికి వేశానో ఆ సున్నా,
ఎర్ర సిరాతో.

రెండోసారి సున్నా చూపిస్తూనే దిగాను.
నిండా మునిగినవాడికి చలేమిటంటారు.
ఉంటుంది. మెడ దగ్గర దారి చూసుకుని
సూట్‌లోకి సన్నగా జారుతుంది.
చెవులు పోటెత్తాయి. ముక్కు మూసి ఊదితే
టప్పుమని తెరుచుకున్నాయి,
అలిగిన పక్కింటి తలుపులా.

ఇసుకలో మోకాళ్ళానించాక
ఖల్ఫాన్ జేబులోంచి ఖాళీ నీళ్ళ సీసా తీశాడు.
పైన నా ముందే మూత బిగించినది,
ఇప్పుడు బుగ్గలు పీక్కుపోయి
సగమైంది.

స్థిర ఉష్ణోగ్రత వద్ద...
ఇరవై ఆరేళ్ళు సుద్దముక్కతో చెప్పాను,
ఫ్యాను తిరగని గదిలో.
చివరి బెంచీ లింబాద్రి లేచి
"మీరు చూసిన్రా మేడం?" అన్నాడొకసారి.
"పుస్తకంలో ఉంది, కూర్చో."
కూర్చున్నాడు. మళ్ళీ ఏనాడూ లేవలేదు.
ఈ గల్ఫులోనే ఎక్కడో ఏసీలు బిగిస్తున్నాడని విన్నాను.

చూసిన, లింబాద్రీ.
రబ్బరు కొరుకుతూనే గట్టిగా అన్నాను.
మాటంతా బుడగలైంది.
ఉసిరికాయంతగా బయల్దేరి
పైకి పోయేకొద్దీ పళ్ళెమంతై
వెండి పొట్టలతో వణుకుతూ
పడవ నీడ దగ్గర పగిలాయి.

సీసాని చీరల మధ్య పెట్టి
ఇంటికి తీసుకుపోదామనుకున్నాను, రుజువుగా.
పడవెక్కేసరికి అది మళ్ళీ ఉబ్బి
ఏ కొట్లోనైనా దొరికే సీసా అయిపోయింది.
వదిన ఊపి చూసి, ఖాళీదని పక్కన పెట్టి,
"ఇంతసేపు ఏం చూసినవే?" అంది.
వేలూ వేలూ కలిపి చూపించాను.
"సున్ననా?" అన్నది
నా చెప్పులు ముందుకి తోస్తూ.