కొత్త నూనె

చౌటుప్పల్ల డాక్టరమ్మ
సన్నని నైలాన్ పోగు అరికాలికి ఆనిచ్చి
"తెలుస్తుందా?" అన్నది.
కండ్లు మూసుకొనే ఉన్న.
ఇంకా మొదలే పెట్టలేదనుకున్న.

చీకట్ల పోగు పట్టుకొని
ఎనభయ్యో నూరో నంబరు చెప్పేటోన్ని నేను.

పగలంత మొద్దు.
మగ్గం గుంటల తొక్కుడు చెక్కలు
వంగి చూసుకొని తొక్కాలె.
రాత్రయితే అదే కాలు
నిప్పుల మీద నడుస్తది.
దుప్పటి అంచు తగిలినా ఏడుపొస్తది.

అండాలు మూడు సీసాలు తెచ్చింది:
నిమ్మగడ్డి, లవంగం, నీలగిరి.
నువ్వుల నూనెల చుక్కలు లెక్కబెట్టి కలుపుతది.
"షుగరు గోలీలు మాన్తివా,
సీసాలు నెత్తిన పగులగొడత" అంటది.
డాక్టరమ్మ చెప్పిందీ అదే, కొంచెం మర్యాదగ:
మంట తగ్గితే తగ్గొచ్చు,
చచ్చిన నరం లేస్తదంటే మాత్రం నమ్మకు,
పుండు మీద పూయకు.

పుట్టపాకల మాకు నూనె కొత్తనా?
ఆముదపు కాయల బూడిద నీళ్ళల్ల, నూనెల
పోగును రోజుల తరబడి పిసికి, ఎండబెట్టి, మళ్ళ పిసికి
ఎరుపు తాగేదాక బతిమిలాడినోళ్ళం.
అండాలు నా కాలునూ అట్లనే పిసుకుతది.
తొందర లేదు ఆమెకు.

ఏ వేలు కాడ ఉన్నదో కాలుకు తెల్వదు.
లవంగం ఘాటు ముక్కుకు దగ్గరైతే
చీలమండ దాటిందని లెక్క.
"తగ్గిందా?"
"కొంచెం."
అబద్ధం కాదు, కొంచెమే.

మొన్న సేటు తేలియా రుమాలు విప్పి
ముక్కుకు పెట్టుకొని చాలాసేపు ఊకున్నడు.
"ఇదేం కొత్త నూనె?" అన్నడు.