ముప్పై ఆరు

టికెట్లు మేమడగలే.
ఖాళీ కుర్చీలు టీవీల మంచిగ కనవడయని
కంపెనీ రెండు బస్సులు పెట్టింది.
సల్మాబాద్ క్యాంపుల ఎక్కినోళ్లం ఎక్కినట్టే
సఖీర్ ఇసుకల దిగినం.
పోశెట్టిని లేపుడే కష్టమైంది.

మొదటి అర్ధగంట మస్తుగున్నది, అబద్ధమెందుకు.
చెవులల్ల దూది కుక్కుకున్నా
చప్పుడు పక్కబొక్కలల్ల మోగింది.
ఆ ఎనుక బండ్లు బండ్లే.
ముందటోడెవడో ఎనుకటోడెవడో
తిరిగేటోనికన్న ఎరుకో లేదో.
"గానుగెద్దు నయం, నూనెన్న ఎల్తది"
అన్నడు లస్మన్న.
కొందరు బిర్యానీ పొట్లాలిప్పిండ్రు,
కడుమోళ్లు ఫోన్లిప్పిండ్రు.
ఇంకా ఏడున్నర గంటలు.
బస్సు పదింటిదాక రాదు.

అప్పుడు లేచిండు రాజేశం, షటరింగ్ మేస్త్రి,
సైటు మీద నోరిప్పనోడు.
"మా బూదవ్వ దినాం వెయ్యి బీడీలు చుడుతది.
వెయ్యి ఎట్ల చుడుతవే, ఇసుగు రాదా అనడిగిన.
వెయ్యి ఎవలు చుడుతరయ్యా,
నేను ఒక్కటే చుడుత, అన్నది."
గింతే చెప్పి
తలా ఒక బండిని పట్టుకోమన్నడు.
ఇరవై ఐదు చుట్లకు ఒక కట్ట.
సిగరెట్ పెట్టె మీద గీతలు మొదలుపెట్టిండు.

పోశెట్టి ఏడు పట్టిండు, వాని మంచం నంబరు.
లస్మన్న తొంబై ఒకటి:
వాళ్ల నాయిన బోరేసిన సాలు.
నీళ్లు పడలే, అయినా అదే.
నర్సింగం వంద కోరిండు. వంద లేదన్నరు.
అలిగి పన్నెండు తీసుకున్నడు.
నాకు మిగిలింది ముప్పై ఆరు,
పసుపు బండి, అందరికన్న ఎనుక.

గంట తిరగకముందే దానికి దెబ్బ తాకింది.
మూతి వంగి, ఒక దిక్కు ఈడ్చుకుంట
షెడ్డులకు పోయింది.
ఇంకోటి తీసుకో అన్నరు.
తీసుకోబుద్ధి గాలే.
అందరు తమ తమ బండ్లకు ఈలలేస్తుంటే
నేను ట్రాకవతల
సగం దించిన షట్టరును చూసుకుంట కూసున్న.
బండి కింద నాలుగు జతల బూట్లు.
మనుషులు కనవడరు.
స్లాబు కింద మేము గూడ
రోడ్డు మీదికెల్లి గట్లనే కనవడుతం గావచ్చు.

పొద్దు గూకింది.
నమాజుకు పోయినోళ్లు వచ్చి కూసున్నరు.
లైట్లేసినంక, మూలమలుపు కాడ
బ్రేకులు ఎర్రగ కాలుడు కనవడ్డది,
కొలిమిల పెట్టిన కర్రు లెక్క.
పోశెట్టి టైర్ల సంగతి చెప్పబట్టిండు,
పుట్టుకతో ఎరుకున్నట్టు.
చలి పెట్టింది. చాయ తెచ్చుకున్నం.
రాజేశం రెండో సిగరెట్ పెట్టె చింపిండు.

ఏడింటికి షట్టరు లేసింది.
మూతికి నల్లటేపు అడ్డదిడ్డం చుట్టుకొని
నా ముప్పై ఆరు
మెల్లగ, మెల్లగ బయటికొచ్చి
ఉరికింది.
రెండు బస్సులోళ్లం లేచి నిలవడ్డం.
ఎనుక వరుసల తెల్లతోబు పెద్దమనిషి,
ఒళ్లో నిద్రపోతున్న పిల్లగాడు,
వచ్చీరాని హిందీల అడిగిండు
గెలుస్తున్నదెవరని.
టేపు బండిని చూపెట్టినం.
అది నాలుగు కట్టలు ఎనుకున్నదని
మాకెవ్వలకు చెప్పబుద్ధి గాలే.

పావు తక్కువ పదికి బస్సొచ్చింది.
సజీవన్ మూడుసార్లు హారన్ కొట్టి
మలయాళంల తిట్టుకుంట మెట్లెక్కి
మా మొఖాలు చూసి, ట్రాకు దిక్కు చూసి
"మనదేది?" అన్నడు.
మంచి నంబర్లన్నీ అయిపోయినయి.
జరంత జరిగి జాగిచ్చి
నా ముప్పై ఆర్ల సగమిచ్చిన.