ఎర్ర పూస

ఆటోనగర్. రేకుల వేడి ఇంకా దిగలేదు.
ఈ గదిలో మాత్రం ఇరవై డిగ్రీలు.

జోజిబాబు ఒక సున్నా తక్కువ కొట్టాడట,
ప్రోబ్ వెళ్లి ఫిక్చర్‌ని గుద్దింది.
టిక్. అంతే.

కెంపు పూసను భూతద్దం కింద తిప్పాను.
గీత లేదు. నమ్మను.
గోళం తుడిచి, బిగించి
ఇరవై అయిదు చోట్ల తాకించాను,
కుండ కొనేముందు
చుట్టూ వేలితో కొట్టి వినే మా అత్తలా.

పదకొండు మైక్రాన్ల తేడా.
స్టైలస్ మార్చి మళ్లీ. నాలుగు.
మళ్లీ. ఒకటిన్నర.
చాలు.

"జీతంలో కోస్తారా అక్కా?"

పాత పూస నా అరచేతిలో, ఆవగింజంత.
దాని మెడ మీద ఇంకో మచ్చ,
ఇవాళ్టిది కాదు.
"మొదటిసారి ఎప్పుడు గుద్దావ్?"
వాడు ఏసీ చప్పుడు వింటున్నాడు.

లోడింగ్ దగ్గరికి ఫోన్ చేశాను:
తాడు కట్టిన ఆ నాలుగు పెట్టెలూ
లారీ మీంచి దింపండి.